నాలుగు వైపులా చెయ్యందాలి

ఆ రోజు ఉదయం కొలతలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య పనికి వెళ్ళగానే చిన్నగది తలుపు వేసుకోవాలి. నేల మీద బొమ్మరైలు పట్టాలు ఒక్క చుట్టు పరవాలి. రైలును ఒక్కసారి నడిపి చూసుకోవాలి. సాయంత్రం ఆవిడ తిరిగొచ్చేలోగా అన్నీ పెట్టెలో సర్దేసి, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకుని కూర్చోవాలి. ఇందుకోసం ఒంట్లో బాగాలేదని ఆఫీసుకు ఫోను కూడా చేశాడు. ఆయన ఆడే అబద్ధాల్లో అది మరీ చిన్నది, ఆడినట్టు ఆయనకే తెలియలేదు.

కొలతలాయన అన్న పేరు ఉద్యోగం వల్ల వచ్చింది. అల్మరాలు చేసే కంపెనీలో పని. జనం ఇళ్ళకు వెళ్ళి, గదులు కొలిచి, ఏ వస్తువు ఎక్కడ పడుతుందో గీసి ఇవ్వాలి. నడుముకు టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఇల్లు అగ్గిపెట్టెంత ఉన్నా సరే, మెట్ల కిందో తలుపు వెనకో ఆయనకు జాగా దొరికి తీరుతుంది. "ఇంకెక్కడుందండీ చోటు?" అని ఇల్లుగలావిడ నీరసపడితే, "చోటు ఉండదమ్మా, చేసుకోవాలి," అంటాడు. ఆ మాట కంపెనీకి ఎంత నచ్చిందంటే షోరూము గోడ మీద రాయించి పెట్టుకున్నారు.

ఇంత పేరున్న మనిషి సొంత ఇంట్లో కన్నతల్లికి మాత్రం చోటు చేయలేకపోయాడు.

తండ్రి పోయాక తల్లి పెద్దకొడుకు దగ్గర ఉంటోంది. కొన్నాళ్ళు అక్కడ, కొన్నాళ్ళు ఇక్కడ అని అన్నదమ్ములు మొదట్లోనే అనుకున్నారు. తన వంతు వచ్చినప్పుడల్లా కొలతలాయన ఒక్కొక్కరికి ఒక్కో కథ చెప్పాడు. అన్నతో, "చిన్నగది నిండా కంపెనీ సామాను అన్నయ్యా. పైగా నీ మరదలికి పడదు, నేనేం చెయ్యను," అన్నాడు. భార్యతో, "అమ్మని పంపడమంటే అన్నయ్యకి నామోషీట. ఎత్తితే గొడవవుతుంది, నువ్వు ఊరుకో," అన్నాడు. తల్లితో, "తీసుకెళ్తానంటే అన్నయ్య మనసు కష్టపెట్టుకుంటాడమ్మా, కాస్త ఆగు," అన్నాడు. మూడు కథలూ ఒకదానికొకటి తగలకుండా అల్మరాలో అరల్లా అమిరాయి. అవి ఇన్నేళ్ళు నిలబడ్డాయంటే అది ఆయన తెలివి కాదు, ఆ కుటుంబం మర్యాద. వాళ్ళలో ఎవరూ ఎవర్నీ ఏదీ సూటిగా అడగరు. అడిగితే ఎదుటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని భయం. అడక్కుండా కడుపులో పెట్టుకుని ఏళ్ళ తరబడి ముఖం ముడుచుకుని తిరగడం మాత్రం వాళ్ళ దృష్టిలో పెద్దమనిషి తరహా.

పోనీ తల్లి గయ్యాళా అంటే కాదు. మంచానపడిందా అంటే అదీ కాదు. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, తన బట్టలు తను ఉతుక్కుంటుంది, తన మందులు తను చూసుకుంటుంది. ఆయన బెంగల్లా ఒక్కటే. ఆవిడకు కళ్ళున్నాయి. ఆవిడ ఎదురుగా కూర్చుంటే ఆయనకు అబద్ధం నోట్లోంచి సగమే వస్తుంది, మిగతా సగం గొంతులో అడ్డం పడుతుంది. అబద్ధం లేకుండా ఒక రోజు గడపడం ఎలాగో ఆయనకు అలవాటు లేదు.

ఇలా ఉండగా కిందటి వారం కంపెనీ లారీ వచ్చి, చిన్నగదిలో మూలుగుతున్న పాత నమూనా తలుపులన్నీ పట్టుకుపోయింది. గది ఖాళీ అయింది. ఇంకొకరైతే సంతోషించేవారు. కొలతలాయన గుండెల్లో రాయి పడింది. "మళ్ళీ ఏవో తెచ్చి పడేస్తారులే," అని భార్యకు చెప్పాడు గానీ, ఆ గది ముందునుంచి నడిచినప్పుడల్లా ఖాళీ నేల మీద తల్లి మంచం వేసుకుని కూర్చున్నట్టే ఉండేది. వెంటనే దాన్ని దేనితోనైనా నింపేయాలి. దేనితో నింపాలో అప్పటికే నిర్ణయమైపోయింది.

ఒకసారి ఓ పెద్దింట్లో పుస్తకాల అల్మరా కొలవడానికి వెళ్ళి, అక్కడ బల్ల మీద తిరుగుతున్న బొమ్మరైలును చూశాడు. చేతిలో టేపు చేతిలోనే ఉంది, చూస్తూ నిలబడిపోయాడు. అది చెప్పిన దారిలో వెళ్తుంది, ఆపిన చోట ఆగుతుంది, నిన్న ఏమన్నావు ఇవాళ ఏమంటున్నావు అని అడగదు. అటువంటి లోకం ఒకటి ఉందని తెలియక యాభై ఏళ్ళు వృథా చేశాననిపించింది. మర్నాడే ఒక పెట్టె కొని ఆఫీసు బీరువాలో దాచాడు. యాభై ఏళ్ళవాడు బొమ్మరైలు కొన్నాడంటే జనం నవ్వుతారు. తల్లిని దగ్గర ఉంచుకోలేదని నవ్వరా అంటే, అందుకు తగ్గ కథలు సిద్ధంగా ఉన్నాయి. రైలుకే ఇంకా కథ కుదరలేదు.

పెట్టెతో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. కొత్తగా పట్టాలు వేసేవాళ్ళు అత్యాశకు పోవద్దు, ఒక్క చుట్టు, ఒక్క స్టేషను, బళ్ళు ఆపుకోవడానికి ఒక్క పక్కదారి చాలు, మలుపులు మరీ బిగించవద్దు, ముందు నేల మీద అసలు కొలతల్లో హద్దులు వేసి చూసుకోండి అని అందులో ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ మూల బండి పడిపోయినా నాలుగు వైపుల నుంచీ చెయ్యందాలి అని ఉంది. కొలతలాయనకు కళ్ళు చెమర్చాయి. ఇంతవరకు ఏ పెద్దమనిషీ ఇంత విలువైన మాట తనకు చెప్పలేదనుకున్నాడు.

భార్య ఆటో ఎక్కిందో లేదో, ముందురోజు ఆఫీసు నుంచి గుట్టుగా తెచ్చి అటక మీద దాచిన పెట్టె దించి, చిన్నగదిలో రంగు టేపు పరిచాడు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. గోడకు ఆనించకుండా సరిగ్గా గది మధ్యలో, చుట్టూ మనిషి తిరిగేంత జాగా. నాలుగు వైపులా కూర్చుని చెయ్యి చాచి చూసుకున్నాడు. అందింది. పట్టాలు బిగించాడు, పక్కదారి కలిపాడు, స్టేషను నిలబెట్టాడు. ఇంతవరకు పథకం పథకంలాగే నడిచింది. అయితే కూర్చున్నవాడు లేవబోతే మోకాళ్ళు లేవనివ్వలేదు. గోడ పట్టుకుని లేస్తూ, దీనికి బల్ల ఉంటే ఎంత సుఖం అనుకున్నాడు. అనుకున్నవాడు ఊరుకోవచ్చు. కోరి కొరివితో తల గోక్కున్నాడు. కంపెనీలో పనిచేసే వడ్రంగి మేస్త్రీకి ఫోను చేశాడు.

మేస్త్రీ దగ్గర్లోనే ఉన్నట్టున్నాడు, చటుక్కున ఊడిపడ్డాడు. కొలతలాయన పట్టాల మీద పాత కర్టెను కప్పి, టేపు హద్దులు మాత్రం కనబడేట్టు ఉంచాడు.

"ఇదిగో, ఈ కొలతకి ఒక బల్ల కావాలి మేస్త్రీ."

"భోజనాల బల్లా సార్?"

"కాదు. చుట్టూ అంచు లేపాలి, బెత్తెడు ఎత్తు. ఎటునుంచీ కిందపడకూడదు."

"ఏది పడకూడదు సార్?"

"ఏదైతే నీకెందుకయ్యా, చెప్పింది చెయ్యి. కాళ్ళకి చక్రాలు పెట్టు. నడుం వంచకుండా నాలుగు వైపులా చెయ్యందాలి. మధ్యలో ఒక కన్నం కావాలి."

"కన్నమా? ఎంత?"

"చెయ్యి పట్టేంత. అందులోంచి కిందికి..." అని ఆగిపోయాడు. వైర్లు అంటే ఏం వైర్లంటాడు. రైలు అంటే రేపు పొద్దున్నకు వర్క్‌షాపంతా కూత పెడుతుంది.

మేస్త్రీ ఖాళీ గదిని చూశాడు, నేల మీది హద్దులు చూశాడు. అంచులు, చక్రాలు, కన్నం ఒకటొకటే మనసులో కూడుకున్నాడు. ముఖం వాడిపోయింది.

"అర్థమైంది సార్, ఇంక చెప్పకండి. మా నాన్న ఆఖరి రోజుల్లో నా చేత్తో నేనూ ఇలాంటి మంచమే చేశాను. అమ్మగారికేగా?"

కొలతలాయన ముందు రెండు దారులున్నాయి. కాదు, బొమ్మరైలుకి అనాలి. లేదా ఊఁ అనాలి. ఊఁ అన్నాడు.

"మీరు దేవుడు సార్," అని మేస్త్రీ కళ్ళు తుడుచుకున్నాడు. "సాయంత్రానికల్లా తెచ్చేస్తా."

"తొందరేం లేదయ్యా!"

"మీకు లేకపోవచ్చు సార్. పెద్దవాళ్ళకి ఉంటుంది."

మేస్త్రీ అక్కడినుంచి సరాసరి వర్క్‌షాపుకు పోయుంటే ఈ కథ ఇంకోలా ఉండేది. కానీ దారిలో ఒక వంటగది తలుపుకు బందు బిగించాల్సి ఉంది. ఆ తలుపు కొలతలాయన అన్నగారి ఇంటిది. ఆ పని ఇప్పించింది కూడా కొలతలాయనే.

మధ్యాహ్నం అన్న దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"ఒరేయ్! నాక్కూడా చెప్పకుండా చేస్తున్నావా? మేస్త్రీ చెప్తుంటే మీ వదిన ఏడ్చేసిందిరా!"

"ఏం చెప్పాడన్నయ్యా?"

"ఇంకా దాస్తావేంట్రా! మంచం సంగతి. అంచులట, చక్రాలట, అన్నీనట! అమ్మ ఇప్పుడు గుర్రంలా తిరుగుతోందనుకో, అయినా ముందుచూపు అంటే నీదే. గది ఖాళీ అయిందని ఒక్క మాట చెప్పలేదే?"

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది కొలతలాయనకు. మంచం కాదంటే మరి గది దేనికి అంటారు. గది ఖాళీ లేదనడానికి లేదు, మేస్త్రీ కళ్ళారా చూసి వెళ్ళాడు.

"అది కాదన్నయ్యా, ఇంకా కొంచెం టైము పడుతుంది. రంగులవీ వెయ్యాలి..."

"రంగులదేముందిరా, అమ్మకి ఏ రంగైనా ఒకటే. సాయంత్రం తీసుకొచ్చేస్తున్నా. మీ వదిన సామాను సర్దేస్తోంది," అని అన్న పెట్టేశాడు. తల్లి సామాను సర్దడానికి ఆ ఇంట్లో ఇంత హుషారు ఉంటుందని కొలతలాయన ఎన్నడూ ఊహించలేదు. తనవి మాత్రమే కథలనుకున్నాడు.

బుద్ధున్నవాడు అప్పుడైనా పట్టాలు ఊడదీసి పెట్టెలో పెడతాడు. ఆయన మాత్రం, ఇంత ముంచుకొచ్చాక ఒక్క చుట్టయినా చూడకుండా పోతానా అని కర్టెను తీశాడు. గోడకున్న స్విచ్చి వేశాడు. రైలు కదిలింది. స్టేషను దాటింది, మలుపు తిరిగింది, పక్కదారిని పట్టించుకోకుండా ముందుకు వెళ్ళింది, మళ్ళీ స్టేషనుకు వచ్చింది. కొలతలాయన నేల మీద బోర్లా పడుకుని, గడ్డం చేతుల మీద పెట్టుకుని చూశాడు. నిజం చెప్పాలంటే చాలా ఏళ్ళ తర్వాత ఆయన సంతోషంగా ఉన్నది ఆ కాసేపే.

అంతలో వీధితలుపు తాళం తిరిగింది. గోడ స్విచ్చి కట్టేసి, కర్టెను కప్పి, పరుగున హాల్లోకి వచ్చాడు.

భార్య పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనులో పనిచేస్తుంది. ఇంత తొందరగా ఎప్పుడూ రాదు. ఆవిడ చంకలో కొత్త దుప్పట్లు, దిండు ఉన్నాయి, ముఖంలో ఎన్నడూ లేని కళ ఉంది.

"బావగారిని ఎలా ఒప్పించారండీ?" అంది వస్తూనే.

"అదే... మెల్లిగా నచ్చజెప్పాను."

"అక్కయ్య క్లినిక్కుకి ఫోను చేసింది. ఇన్నేళ్ళలో నాకు తనంతట తను ఫోను చెయ్యడం ఇదే. నీ మనసు మారినందుకు సంతోషం అంది. నా మనసు ఎప్పుడు మారిందో నాకు అర్థం కాలేదు. అడిగితే బాగుండదని, పర్లేదక్కయ్యా అన్నాను."

"వదిన మాటలకేంలే, పట్టించుకోకు."

భార్య చిన్నగదిలోకి తొంగి చూసి నేల మీది హద్దులు చూసింది. "మంచం కిటికీ పక్కకి జరిపితే గాలొస్తుంది కదండీ?"

"వద్దు. మధ్యలోనే ఉండాలి. నాలుగు వైపులా చెయ్యందాలి," అన్నాడు అలవాటుకొద్దీ.

ఆవిడ ఆయన వైపు తిరిగింది. "మీ గురించి నేను లోపల ఏదేదో అనుకున్నానండీ. కన్నతల్లిని పట్టించుకోని మనిషి అనుకున్నాను. ఇంత ఆలోచించారా!" అంది. పెళ్ళయ్యాక ఆవిడ ఆయన్ని అంతగా మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెప్పు ఆయనకు చొక్కా లోపల దూరిన చీమలా తిరిగింది. దులపడానికి లేదు, ఊరుకోవడానికి లేదు.

"ఆ కర్టెనేంటండీ నేల మీద? తీసి ఊడ్చేస్తాను."

"ముట్టుకోకు! దుమ్ము... నీకు తుమ్ములొస్తాయి. నేను తీస్తాలే."

తుమ్ముల గురించి కూడా ఆలోచించాడని ఆవిడ మరింత కరిగిపోయి, టీ పెట్టడానికి వెళ్ళింది.

సాయంత్రం మేస్త్రీ, అన్న, తల్లి ముగ్గురూ ఒకేసారి దిగారు. మేస్త్రీ చేతికింద పనివాళ్ళందర్నీ కూడేసి చేయించాడో ఏమో, బల్ల నున్నగా మెరుస్తోంది. చెప్పినవన్నీ పెట్టి, చెప్పనివి కూడా పెట్టాడు. తల వైపు పట్టుకుని లేవడానికి కమ్మీ బిగించాడు. హాల్లో దించి, దాని మీద ఒకసారి చేత్తో రాసి, "కన్నం చుట్టూ బాగా రుద్దాను సార్, ఎక్కడా గుచ్చుకోదు," అని చెప్పి, కింద ఆటోవాడు అరుస్తున్నాడని వెళ్ళిపోయాడు.

తల్లి మెట్లన్నీ ఎక్కి ముందుగా వచ్చింది, తన సంచి తనే మోసుకుంటూ. వెనకాల పెట్టె పట్టుకున్న అన్నగారు ఆయాసంతో ఈల వేస్తున్నాడు. ఆవిడ ఉతికిన చీర కట్టుకుంది, తల నున్నగా దువ్వుకుంది. చిన్నకొడుకు పిలిచాడని వస్తోంది మరి. గుమ్మంలో కోడల్ని చూసి ఏదో అనబోయి, హాల్లో ఉన్న వస్తువును చూసి ఆగింది. దాని చుట్టూ ఒకసారి తిరిగింది. అంచు మీద చెయ్యి వేసింది. కన్నంలోకి చూసింది.

"ఇది ఎవరికి?"

"నీకే అమ్మా! తమ్ముడు చేయించాడు," అన్నాడు అన్న.

"నాకేమైంది?"

అన్నగారు చేతిలో పెట్టెను ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"ఇలాంటి మంచాలు నేను వార్డులో చాలా చూశాను. వీటి మీద పడుకున్నవాళ్ళు లేచి వెళ్ళడం మాత్రం ఎక్కువ చూడలేదు. నాకేమైనా జబ్బని డాక్టరు మీకు చెప్పి, నాకు చెప్పలేదా?"

"అయ్యో అత్తయ్యా, అవేం మాటలు! ముందుజాగ్రత్తకి," అంది కోడలు.

"రా అమ్మా, ముందు గది చూద్దువుగాని," అని కొలతలాయన కంగారులో అన్నాడు. గదిలో ఏముందో మాట బయటికి వచ్చాక గుర్తొచ్చింది.

నలుగురూ చిన్నగదిలోకి వచ్చారు. "ఉక్కగా ఉందిరా," అని అన్నగారు ఫ్యానుకోసం గోడ మీద చెయ్యి పెట్టి, చేతికి తగిలిన స్విచ్చి నొక్కాడు.

ఫ్యాను తిరగలేదు. కర్టెను కదిలింది.

నేల మీద గుడ్డ కింద ఏదో బుర్రుమంటూ బయల్దేరింది. గుడ్డ ఒకచోట ఉబ్బింది, ఆ ఉబ్బు ముందుకు పాకింది, మూల తిరిగింది. "ఎలకరోయ్!" అని అన్నగారు పెట్టె వదిలేసి గోడకు కరుచుకున్నాడు. పెట్టె కొలతలాయన కాలి మీద పడింది. ఆయన అరవలేదు. భార్య చీపురు అందుకుని, ఒక చేత్తో కర్టెను లాగింది.

ఎర్ర ఇంజను రెండు పెట్టెలను లాక్కుంటూ స్టేషను ముందునుంచి వెళ్ళింది. ఎవరి కోసమూ ఆగలేదు. అందరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. అది ఒక చుట్టు పూర్తిగా తిరిగి మళ్ళీ స్టేషనుకు వచ్చింది.

ముందుగా అర్థమైంది తల్లికి. నేల మీది టేపు హద్దులు చూసింది, హద్దుల లోపల తిరుగుతున్న రైలును చూసింది, తలుపులోంచి కనబడుతున్న బల్లను చూసింది.

"మంచం కొలత కాదురా ఇది," అంది.

"ఒరేయ్, ఏంట్రా ఇదంతా?" అన్నాడు అన్న. "మరదలి మనసు మారిందని కదా మేం అమ్మని తెచ్చింది!"

"నా మనసా?" అంది భార్య. "బావగారూ, నా మనసుకి ముందేమైంది?"

"ఏమైందంటే... అమ్మ ఇక్కడుంటే నీకు పడదని వీడే చెప్పాడుగా. ఎన్నిసార్లు చెప్పాడో!"

"నాకు పడదా? అత్తయ్యని పంపడం మీకు నామోషీ అని కదా ఈయన చెప్పారు!"

"నాకు నామోషీయా? పంపుతా మొర్రో అని నేను మొత్తుకుంటుంటే!"

ఆ మాట నోరు జారాక అన్నగారు తల్లి వైపు చూశాడు. తల్లి ఆయన వైపు చూడలేదు. చిన్నకొడుకును చూస్తోంది. "అన్నయ్య కష్టపెట్టుకుంటాడని ఆగమన్నావు. ఆగాను," అంది.

మూడు కథలూ ఒకే గదిలో, రైలు చుట్టూ నిలబడ్డాయి. నాలుగో కథ కోసం కొలతలాయన బుర్రంతా వెతికాడు. ఎంత ఇరుకు ఇంట్లోనైనా చోటు వెతికి పట్టుకునే మనిషికి ఆ గదిలో కాలు పెట్టడానికి జాగా దొరకలేదు. "అది కాదమ్మా..." అన్నాడు. అది కాకపోతే మరేమిటో చెప్పడానికి ఏమీ లేదు.

అందుకే పెళ్ళిళ్ళలో అక్కయ్య నా పక్కన కూర్చునేది కాదు, అనుకుంది భార్య. ఈసారి అనుకోవడంతో ఆగకుండా పైకే అంది. "మీ చుట్టాలంతా నన్ను చూసి ఎందుకలా తప్పుకుని తిరుగుతారా అని నేను ఇన్నేళ్ళు నాలో లోపం వెతుక్కున్నానండీ. నన్ను రాక్షసిని చేసి, నా వెనకాల దాక్కున్నారా?" ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని కొలతలాయనకు అనిపించింది, ఏడ్చేవాళ్ళను ఓదార్చడం ఆయనకు వచ్చు.

అన్నగారు మెల్లిగా గుమ్మం వైపు జరిగాడు. "సరే, తప్పు ఎవరిదైతేనేం, అంతా మన మంచికే. అమ్మా, నువ్విక్కడే ఉండు మరి. అక్కడ నీ గదిలోకి నీ పెద్దకోడలు ట్యూషన్లకని బల్లలు పురమాయించేసింది. రేపట్నుంచి పిల్లలొస్తారు," అన్నాడు.

"బల్లలు అప్పుడే పురమాయించేశారా?" అంది తల్లి.

"మేస్త్రీ ఎలాగూ వచ్చాడుగా అని..." అంటూ అన్నగారు మెట్లు దిగిపోయాడు. ఎక్కేటప్పుడు ఉన్న ఆయాసం దిగేటప్పుడు లేదు.

రైలు ఇంకా తిరుగుతూనే ఉంది. తల్లి వెళ్ళి స్విచ్చి కట్టేసింది. తన పెట్టె మీద కూర్చుంది.

"నేను ఉంటానురా," అంది. "నువ్వు పిలిచావని కాదు. వెనక్కి పోవడానికి గది లేక. అది తెలిసి ఉండు. మధ్యాహ్నం నువ్వు పిలిచావని మీ అన్నయ్య అంటే చుట్టుపక్కల అందరికీ చెప్పాను, మా చిన్నవాడు నాకోసం గది సిద్ధం చేస్తున్నాడని. అద్దం ముందు కూర్చుని తల దువ్వుకున్నాను, ఈ వయసులో." నేల మీది హద్దుల చుట్టూ ఆయన వదిలిన జాగాను చూసింది. "నాలుగు వైపులా చెయ్యందాలని కొలుచుకున్నావు దీనికి. నాకు ఒక్కవైపు అందినా చాలేది కదరా."

కొలతలాయన తల వంచుకున్నాడు. నడుముకు టేపు వేళ్ళాడుతోంది. దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు.

భార్య అత్తగారి పెట్టె ఎత్తింది. "రండి అత్తయ్యా. పెద్దగదిలో మంచం మీద మనిద్దరం పడుకుందాం. ఇది వద్దు మీకు," అంది. చిన్నగదిలో పెట్టడానికి తెచ్చిన కొత్త దుప్పట్లు, దిండు కూడా చంకన పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే చెప్పింది. "మీ పక్క ఇవాళ్టినుంచి చిన్నగదిలో."

"అక్కడ మంచం లేదే!"

"చేయించుకున్నారుగా."

కొలతలాయన పట్టాలు ఊడదీసి పెట్టెలో సర్దాడు. హాల్లోంచి బల్లను నెట్టుకొచ్చాడు. చక్రాలు చప్పుడు లేకుండా దొర్లాయి. ఎటు జరపాలో తోచక దాన్ని హద్దుల మీదే నిలబెట్టాడు. ఇంకా చీకటి పడలేదు, అయినా చేయడానికి పనేమీ లేదు. బల్ల ఎక్కి పడుకున్నాడు. తల కమ్మీకి ఆనింది, పాదాలు అవతలి అంచుకు ఆనాయి. నడుం కింద కన్నంలోంచి చల్లగాలి వచ్చింది.

పెద్దగది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలినుంచి తల్లి గొంతు వినిపించింది. "అమ్మాయ్, నేను ఇక్కడుండటం నీకు నిజంగా ఇష్టమేనా? కాకపోతే కాదని చెప్పు, ఏమీ అనుకోను." ఆ ఇంట్లో ఒకరు ఇంకొకర్ని సూటిగా అడగడం అదే మొదలు. కోడలు చెప్పిన జవాబు చిన్నగది దాకా రాలేదు. తర్వాత వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. తననూ ఎవరైనా వచ్చి ఏదైనా అడుగుతారేమో, అడిగితే ఈసారి నిజమే చెప్పాలి అనుకుంటూ ఆయన తలుపు వైపే చూస్తూ పడుకున్నాడు. ఎవరూ రాలేదు.

ఫోను మోగింది. మేస్త్రీ.

"సార్, తొందర్లో అడగడం మర్చిపోయాను. పడుకోబెట్టి చూశారా? కొలత సరిపోయిందా?"

"సరిపోయింది మేస్త్రీ," అన్నాడు కొలతలాయన. "అంగుళం తేడా లేదు."